రెండు క్లినికల్ ట్రయల్ రిజిస్ట్రీలు: ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న ఇంటి నుంచి ఒక సమీక్ష

మా పెదనాన్న ఊపిరితిత్తిలో గడ్డ ఉందని తేలి, బయాప్సీ రిపోర్టులో ‘ఎడినోకార్సినోమా’ అన్న మాట కనిపించిన నాటి నుంచి నేను దాదాపు ప్రతి వారం వాడుతున్న సేవలు రెండు ఉన్నాయి. మొదటిది అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడుపుతున్న ‘క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్’. రెండవది మన భారత వైద్య పరిశోధన మండలి నడుపుతున్న ‘క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా’. దీన్ని అందరూ పొట్టిగా సీటీఆర్‌ఐ అంటారు. కొత్త మందులను, కొత్త చికిత్సా పద్ధతులను మనుషుల మీద పరీక్షించే ప్రతి అధ్యయనమూ తన వివరాలను ముందుగా నమోదు చేసుకోవలసిన బహిరంగ పట్టికలు ఇవి. వీటిని చూడడానికి రుసుము లేదు, ఖాతా తెరవనవసరం లేదు. నేను బ్యాంకు ఉద్యోగిని, వైద్యుణ్ణి కాను. నాలాంటి వాళ్లకు ఈ సేవలు ఎంతవరకు పనికివస్తాయో, ఎక్కడ పనికిరావో నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను.

క్యాన్సర్ వచ్చిన ఇంటికి సలహాలకు కొదవ ఉండదు. కషాయాలు, పసరు మందులు, ఫలానా ఊళ్లో నయమైపోయిన ఫలానా మనిషి కథ, ఇవన్నీ వాట్సాప్‌లో అడక్కుండానే వస్తాయి. ఈ రెండు పట్టికల సంగతి మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు. వైద్యుడి టేబుల్ మీద ఉన్న కాగితంలో ఒక పొడవైన నంబరు చూసి, అదేమిటని అడిగితే తెలిసింది.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1997లో అమెరికాలో వచ్చిన చట్టాన్ని అనుసరించి అక్కడి పట్టిక 2000 ఫిబ్రవరిలో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడు అందులో అనేక దేశాలకు చెందిన 5 లక్షలకు పైగా అధ్యయనాలు ఉన్నాయి. మన సీటీఆర్‌ఐ 2007 జూలై 20న మొదలైంది. ఔషధ నియంత్రణాధికారి ఆదేశంతో 2009 జూన్ 15 నుంచి మన దేశంలో ట్రయల్స్ నమోదు తప్పనిసరి అయింది. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి రోగిని చేర్చుకోవడానికి ముందే నమోదైన అధ్యయనాలను మాత్రమే స్వీకరిస్తున్నారు. సీటీఆర్‌ఐ మొదలైనప్పుడు దాన్ని నడిపిన సంస్థను నిమ్స్ అనేవారు. అది ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ స్టాటిస్టిక్స్. హైదరాబాద్ పంజాగుట్టలోని మన నిమ్స్‌కూ దానికీ సంబంధం లేదు. పాత కాగితాల్లో ఆ పేరు చూసి నేను మొదట పొరబడ్డాను కనుక చెబుతున్నాను.

ముందుగా నమోదు చేయాలన్న నియమం ఎందుకంత ముఖ్యమో నాకు పెదనాన్నే చెప్పారు. ఆయన ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. “పిల్లవాడు జవాబులు రాసేశాక, తను రాసినవాటికి తగ్గట్టు ప్రశ్నపత్రం మార్చుకోనిస్తే అందరూ ఫస్టు క్లాసే కదరా” అన్నారు. ఒక మందు ఆయుష్షును పెంచుతుందా అని పరీక్షించడానికి బయలుదేరినవారు, అది పెరగలేదని గ్రహించి, గడ్డ కొంత చిన్నదైందన్న అంశాన్ని ముఖ్య ఫలితంగా ప్రకటించుకుంటే, ముందే నమోదైన పత్రం దాన్ని పట్టిస్తుంది. అమెరికా పట్టికలో ప్రతి అధ్యయనానికీ మార్పుల చరిత్ర చూపే విభాగం ఉంటుంది. ఏ తేదీన ఏ వాక్యం మారిందో పాత ప్రతినీ కొత్త ప్రతినీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఈ సేవలో నాకు అన్నింటికంటే నచ్చిన భాగం ఇదే.

ఇక వెతకడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొదటి నెల నేను తప్పుగా వెతికాను. ఎడినోకార్సినోమా అంటే గ్రంథి కణాల నుంచి పుట్టిన క్యాన్సర్. ఊపిరితిత్తులు, జీర్ణాశయం, పెద్దపేగు, క్లోమం, ప్రొస్టేట్, ఇలా అనేక అవయవాల్లో ఇదే పేరుతో వ్యాధి వస్తుంది. కాబట్టి ఆ ఒక్క మాట కొడితే మనకు సంబంధం లేని అవయవాల అధ్యయనాలన్నీ వచ్చిపడతాయి. అవయవం పేరు కలిపితే జాబితా చిన్నదవుతుంది, కాని అప్పుడు మరో చిక్కు ఎదురవుతుంది. ఊపిరితిత్తుల ఎడినోకార్సినోమా రోగులను చేర్చుకునే అధ్యయనాలు చాలావాటిలో వ్యాధి పేరు ‘నాన్ స్మాల్ సెల్ లంగ్ క్యాన్సర్’ అనో, ‘నాన్ స్క్వేమస్’ అనో ఉంటుంది. ఆ పెద్ద గుంపులో మన వ్యాధి ఒక భాగమని తెలియకపోతే పనికొచ్చే పేజీలు కంటబడవు. మూడవ దారి జన్యువు పేరుతో వెతకడం. పెదనాన్న రిపోర్టులో ‘ఈజీఎఫ్‌ఆర్, ఎక్సాన్ 19 డిలీషన్’ అని ఉంది, అంటే గడ్డ కణాల్లో ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో ఒక చిన్న ముక్క లోపించిందని. ఈ రోజుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ట్రయల్స్‌లో చాలావి ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే, కేఆర్‌ఏఎస్ వంటి జన్యువుల్లోని మార్పుల ఆధారంగా రోగులను ఎంచుకుంటున్నాయి. నాలుగవది, అవయవంతో నిమిత్తం లేకుండా ఒకే లక్షణం ఉన్న గడ్డలన్నింటినీ కలిపి పరీక్షించే అధ్యయనాలు. వీటిలో వ్యాధి పేరు దగ్గర ‘సాలిడ్ ట్యూమర్స్’ అని మాత్రమే ఉంటుంది. ఇలాంటి ఆలోచన వృథా కాదనడానికి నిదర్శనం ఉంది. ఎంఎస్‌ఐ హై అనే లక్షణం ఉన్న గడ్డలకు, అవి ఏ అవయవంలో పుట్టినా సరే, పెంబ్రోలిజుమాబ్ అనే మందు ఇవ్వడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో అనుమతించింది. అందువల్ల ఈ సేవను వాడబోయేవారు బయాప్సీ రిపోర్టును, జన్యు పరీక్ష రిపోర్టును, ఇంతవరకు వాడిన మందుల పేర్లను, తేదీలను ముందు పెట్టుకుని కూర్చోవాలని నా సలహా. అవి లేకుండా వెతికితే గంటలు గడుస్తాయి, ఫలం ఉండదు.

అమెరికా పట్టికలో దేశం, ఊరు, దూరం ఇచ్చి వడపోసే సౌకర్యం ఉంది. రోగులను ఇప్పుడు చేర్చుకుంటున్నారా, ఇంకా మొదలుకాలేదా, చేర్చుకోవడం ముగిసి పర్యవేక్షణ మాత్రమే నడుస్తోందా, మధ్యలో ఆపేశారా అన్నది కూడా ఎంచుకోవచ్చు. పెద్ద కంపెనీల అంతర్జాతీయ అధ్యయనాల్లో భారతదేశం పేరు ఉంటే, స్థలాల జాబితాలో హైదరాబాద్, విశాఖపట్నం పేర్లు తరచుగా కనిపిస్తాయి. మన దేశంలో మాత్రమే జరిగే అధ్యయనాలకు సీటీఆర్‌ఐ తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపే మరో వేదిక వివిధ దేశాల పట్టికలన్నింటినీ కలిపి వెతికిపెడుతుంది. రెండుసార్లు వెతకడం కష్టమనుకునేవారు అక్కడ మొదలుపెట్టవచ్చు.

పూర్తయిన అధ్యయనాల పేజీలు చదవడం కూడా ఎంతో మేలు చేసింది. పెదనాన్నకు వైద్యులు ఓసిమెర్టినిబ్ మాత్ర రాసినప్పుడు, దాని వెనుక ఉన్న ఆధారమేమిటో చూడాలనిపించి ఫ్లారా అనే ట్రయల్ పేజీ తెరిచాను. దాని నమోదు సంఖ్య ఎన్‌సీటీ02296125. ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఉన్న 556 మంది రోగులను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి ఓసిమెర్టినిబ్, రెండవ వర్గానికి అంతకుముందు నుంచి వాడుకలో ఉన్న జెఫిటినిబ్ లేదా ఎర్లోటినిబ్ ఇచ్చారు. వ్యాధి మళ్లీ ముదరకుండా గడిచిన కాలం కొత్త మందుతో మధ్యస్థంగా 18.9 నెలలు, పాత మందులతో 10.2 నెలలు. మొత్తం ఆయుష్షు లెక్కలో అవే వర్గాలకు 38.6 నెలలు, 31.8 నెలలు. ఈ రెండు రకాల లెక్కలూ ఒకటి కావని నాకు బోధపడింది ఈ పేజీలు చదివినందువల్లే. ‘వ్యాధి ముదరని కాలం’ అంటే స్కానులో గడ్డ పెరగకుండా ఉన్న కాలం. ‘ఆయుష్షు’ అంటే మనిషి మనతో ఉన్న కాలం. ఏ ట్రయల్ పేజీ తెరిచినా, వారు ముఖ్య ఫలితంగా పెట్టుకున్నది ఈ రెంటిలో ఏదో మొదట చూస్తున్నాను.

అమెరికా పట్టికలో ఫలితాల విభాగం చాలా వివరంగా ఉంటుంది. ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానుకున్నారు, ఏ దుష్ఫలితం ఎందరికి కలిగింది అన్నవి పట్టికల రూపంలో ఇస్తారు. పత్రికా ప్రకటనల్లో విజయం మాత్రమే వినిపిస్తుంది. ఇక్కడ విరేచనాలూ, చర్మం మీద పొక్కులూ, ఆసుపత్రిలో చేరవలసి వచ్చిన సందర్భాలూ అన్నీ లెక్కతో ఉంటాయి. రోగిని ఇంట్లో చూసుకునేవారికి ఈ వివరాల విలువ తెలుస్తుంది. సీటీఆర్‌ఐలో ఫలితాలు ఇంత విడమరచి ఉండవు. వాటి కోసం ప్రచురితమైన వ్యాసాన్నే వెతుక్కోవలసి వస్తుంది.

అయినా నన్ను ఎక్కువగా కదిలించిన పేజీ సీటీఆర్‌ఐలోదే. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 2016లో నమోదు చేసిన అధ్యయనం అది. ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు జెఫిటినిబ్ మాత్ర ఒక్కటే ఇవ్వడం మేలా, దానితో పాటు పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ అనే కీమో మందులు కూడా కలిపి ఇవ్వడం మేలా అన్నది వారి ప్రశ్న. 350 మంది రోగులు పాల్గొన్నారు. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం వ్యాధి ముదరని కాలం మాత్ర ఒక్కటే వాడినవారిలో 8 నెలలు, కీమో కలిపినవారిలో 16 నెలలు. తీవ్రమైన దుష్ఫలితాలు మొదటి వర్గంలో 25 శాతం మందికి, రెండవ వర్గంలో 51 శాతం మందికి కలిగాయి. ఆ లాభాన్నీ ఈ నష్టాన్నీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడే ‘ఈ మందు మంచిదట’ అన్న మాటకు అసలైన అర్థం తెలుస్తుంది. జెఫిటినిబ్ మన దేశంలో జనరిక్ రూపంలో దొరుకుతుంది, ఓసిమెర్టినిబ్ ఖరీదు చాలా కుటుంబాలకు అందనిది. మన జేబులకు అందే మందులతో మన రోగుల మీద అడిగిన ప్రశ్నలు మన పట్టికలోనే దొరుకుతాయి. అందుకే అమెరికా పట్టిక ఎంత అందంగా ఉన్నా సీటీఆర్‌ఐని పక్కన పెట్టవద్దని నా మనవి.

ఆ అధ్యయనంలో మరో విశేషం ఉంది. ట్రయల్స్‌లో రోగి శక్తిని 0 నుంచి కొలిచే ఒక కొలమానం వాడతారు. 0 అంటే మునుపటిలా అన్ని పనులూ చేసుకోగలగడం, 1 అంటే తేలికపాటి పనులు చేసుకోగలగడం, 2 అంటే తన పనులు తాను చేసుకుంటూ పగటివేళ సగానికి పైగా లేచి తిరుగుతున్నా ఉద్యోగం వంటి పనులేవీ చేయలేకపోవడం. కంపెనీల అంతర్జాతీయ ట్రయల్స్ చాలావరకు 0, 1 దగ్గరే తలుపు మూసేస్తాయి. టాటా మెమోరియల్ అధ్యయనంలో 2 ఉన్నవారిని కూడా చేర్చుకున్నారు. మొత్తం రోగుల్లో వారు సుమారు ఐదో వంతు ఉన్నారు. మన ఆసుపత్రుల వరండాల్లో కూర్చున్న రోగులను చూసినవారికి ఆ నిర్ణయం ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు.

అర్హతల విభాగం గురించి అందరినీ హెచ్చరించాలి. ఎవరిని చేర్చుకుంటారు, ఎవరిని చేర్చుకోరు అన్న రెండు జాబితాలు ఉంటాయి. రోగి బంధువులు మొదటిది చదివి ఆశపడతారు, నేనూ అలాగే ఆశపడ్డాను. నిర్ణయం జరిగేది రెండవ జాబితాలో. మెదడుకు వ్యాపించి లక్షణాలు కనిపిస్తూ ఉంటే వద్దు, కిడ్నీల పనితీరు ఇంతకంటే తగ్గితే వద్దు, గతంలో ఊపిరితిత్తుల వాపు వచ్చి ఉంటే వద్దు, ఫలానా మందు వాడి ఇన్ని వారాలు గడవకపోతే వద్దు, ఇలా సాగుతుంది. ఇందులో మనిషి పట్ల నిర్దయ లేదు, రోగి భద్రత కోసమే కొన్ని నియమాలు పెడతారు. అయితే చదివేటప్పుడు మనసు కష్టపడుతుంది. అందుకే నేను ఇప్పుడు ముందుగా రెండవ జాబితానే చదివి, ఆ తరువాతే ఇంట్లో ఎవరికైనా చెబుతున్నాను.

పెదనాన్న మొదట ఈ వెతుకులాటకు ఒప్పుకోలేదు. “నా మీద ప్రయోగాలు చేయిస్తావురా?” అని అడిగారు. ఆ భయానికి మన నేల మీదే కారణం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఇచ్చిన అధ్యయనాన్ని 2010లో ఆపివేయవలసి వచ్చింది. టీకా వేయించుకున్న కొందరు బాలికల మరణాలకు టీకానే కారణమని విచారణలో తేలలేదు. కాని తల్లిదండ్రులు సంతకం చేయవలసిన సమ్మతి పత్రాల మీద చాలాచోట్ల వసతి గృహాల వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారని బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుబట్టింది. బడిపంతులుగా పనిచేసిన మనిషికి ఆ సంతకాల సంగతి మరపునకు రాదు.

ఆయన అనుమానానికి సీటీఆర్‌ఐ పేజీలోనే కొంత జవాబు దొరికింది. ప్రతి అధ్యయనానికీ ఏ ఏ ఆసుపత్రుల్లో జరుగుతుంది, ఆ చోట్ల రోగుల భద్రత, హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందా లేదా, ఔషధ నియంత్రణాధికారి అనుమతి ఉందా, అవసరం లేదా అన్నవి విడివిడిగా రాసి ఉంటాయి. ప్రజలు అడిగే ప్రశ్నలకు బాధ్యులెవరో వారి ఫోన్ నంబరుతో సహా ఉంటుంది. 2019లో వచ్చిన కొత్త నియమాల ప్రకారం, ట్రయల్‌లో పాల్గొన్నవారికి హాని జరిగితే ఉచిత చికిత్స, ట్రయల్ వల్ల కలిగిన హానికి నష్టపరిహారం ఇవ్వాలి. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే, ట్రయల్ నుంచి తప్పుకునే హక్కు రోగికి ఉంటుంది. ఇవన్నీ ఒక సాయంత్రం కూర్చుని చెప్పాక, “అయితే చూడు” అన్నారు.

ఇక లోపాలు. నమోదైనంత మాత్రాన ఆ చికిత్స మంచిదని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు కాదు. ఆ మాట అమెరికా పట్టికే తన పేజీల మీద రాసిపెట్టింది, అయినా చాలామంది దాన్ని దాటుకుని వెళ్లిపోతారు. నిరూపణ కాని మూలకణ చికిత్సలకు రోగుల దగ్గరే డబ్బు వసూలు చేసే క్లినిక్కులు కూడా గతంలో ఆ పట్టికలో అధ్యయనాలుగా నమోదయ్యాయి. పరీక్షిస్తున్న మందుకు రోగి నుంచి డబ్బు అడిగితే అక్కడే ఆగి, మన వైద్యుణ్ణి సంప్రదించాలి.

భాష అన్నింటికంటే పెద్ద అడ్డంకి. రెండు పట్టికలూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఆ ఇంగ్లీషు కూడా వైద్యుల కోసం రాసినదే. సామాన్యుల కోసమని ఒక శీర్షిక, ఒక సంగ్రహం ఉంటాయి గాని, అందులోనూ జన్యువుల పేర్లు, సంక్షిప్త పదాలు నిండి ఉంటాయి. సంతకం పెట్టే రోజున ఇచ్చే పత్రం తెలుగులో ఉండాలని నియమం ఉన్నప్పుడు, అసలు ఆ ట్రయల్ ఉందని తెలుసుకునే మొదటి పేజీ తెలుగులో లేకపోవడం న్యాయం కాదు. ఇంగ్లీషు చదివిన కొడుకో కూతురో లేని ఇంటికి ఈ సేవ లేనట్టే. కనీసం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జరిగే ట్రయల్స్‌కైనా సంగ్రహం, అర్హతలు, ఫోన్ నంబరు అనే మూడు భాగాలు తెలుగులో ఇస్తే చాలు, ఎన్నో కుటుంబాలకు దారి దొరుకుతుంది.

తాజా సమాచారం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. పేజీలో రాసేది ట్రయల్ నడిపేవారే, పట్టిక వారిచ్చినదాన్ని చూపుతుంది. మాకు సరిపోయినట్టు కనిపించిన ఒక ట్రయల్ కోసం ఒక నగరంలోని ఆసుపత్రికి వారం రోజులు ఫోన్ చేశాను. ఎత్తినవారు లేరు. చివరికి ఎత్తినవారు ఆ ఆసుపత్రి వంతు రోగులు అప్పటికే నిండిపోయారని చెప్పారు. ఆ ఒక్క మాట మొదటి రోజే చెప్పి ఉంటే వారం రోజుల ఆశ, దాని వెనుక వచ్చిన బాధ మాకు తప్పేవి. అందుకే ఇప్పుడు పేజీలో చివరిసారి సవరించిన తేదీ చూసి, ఆ తరువాతే ఫోన్ చేస్తున్నాను.

పెదనాన్నకు ప్రస్తుతం మాత్ర పనిచేస్తూనే ఉంది. అది పనిచేయని రోజు వస్తే మళ్లీ ముక్క తీసి జన్యు పరీక్ష చేయవలసి ఉంటుందని, అప్పటి ఫలితాన్ని బట్టి వేరే ట్రయల్స్ చూడవచ్చని వైద్యులు చెప్పారు. ఈలోగా నేను మూడు అధ్యయనాల పేజీలను ముద్రించి, ముద్రించిన తేదీ పైన రాసి ఆయనకిచ్చాను. అంచుల్లో పెన్సిలుతో తెలుగులో ప్రశ్నలు రాసుకుంటున్నారు. మొదటి పేజీ మీద ఆయన రాసినవి రెండు: ‘మూడు వారాలకోసారి గుంటూరు నుంచి హైదరాబాద్ వెళ్లాలా, రైలు ఖర్చు ఎవరిది?’, ‘లాటరీలో పాత మందు వస్తే, తరువాత కొత్తది ఇస్తారా?’ ఈ రెండింటికీ పట్టికలో జవాబు లేదు. వచ్చే మంగళవారం వైద్యుణ్ణి అడగబోతున్నాం.